రాత్రి రైల్లో రైఫిల్

గుంటూరులో ఆగిన బండి మళ్ళీ కదిలింది. అర్ధరాత్రి దాటి చాలాసేపయింది. భువనేశ్వర్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే విశాఖ ఎక్స్‌ప్రెస్. స్లీపర్ బోగీలో సైడ్ లోయర్ బెర్తు మీద ఒత్తిగిలి పడుకున్నారు మీరు. నిద్ర పట్టడం లేదు. పైన ఫ్యాను చప్పుడు చేస్తోందే గానీ గాలి తగలడం లేదు. వెయిటింగ్ లిస్టు కుర్రాడొకడు బ్యాగు తల కింద పెట్టుకుని సరిగ్గా మీ బెర్తు కిందుగా దారికి అడ్డంగా నడుం వాల్చాడు. ఎదురు బేలో ఓ పెద్దావిడ కిటికీ సగం పైకెత్తి, ఆ సందులోకి మొహం పెట్టి కూర్చుంది.

టాయిలెట్ల వైపు నుంచి బూట్ల చప్పుడు వస్తోంది. ఇద్దరు. ముందు నడుస్తున్న హెడ్ కానిస్టేబుల్ చేతిలో టార్చి, నడుముకి పిస్టల్. వెనకాల పాతికేళ్ళు దాటని కానిస్టేబుల్, భుజాన రైఫిల్. నేల మీద పడుకున్న కుర్రాడి కాళ్ళు తొక్కకుండా అడుగు ఎత్తి వేస్తున్నారు.

"పెద్దమ్మా, కిటికీ దించుకోండి."

"ఉక్కపోస్తోంది నాయనా."

"తెలుసమ్మా. నడికుడి దాటేదాకా ఓపిక పట్టండి. ఆ గొలుసు కూడా కొంగులోపలికి తోసుకోండి."

పెద్దావిడ గొణుక్కుంటూ షట్టరు దించింది. హెడ్ కానిస్టేబుల్ ముందుకెళ్ళాడు. కుర్ర కానిస్టేబుల్ ఒక్క క్షణం మీ పక్కనే ఆగాడు. బండి ఊగింది. రైఫిల్ గొట్టం మీ మొహానికి జానెడు దూరంలోకి వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది.

ఇంత దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశారా దాన్ని? గొట్టం కొస దగ్గర నల్లరంగు పోయి ఇనుము మెరుస్తోంది. బోగీ తలుపులకీ, బెర్తుల ఊచలకీ రాసుకుని రాసుకుని పోయిన రంగు అది. మడమ దగ్గర చేతి చెమటకి నునుపు తేలింది. పట్టీ కాన్వాసుది, అంచులు పీచు లేచాయి. ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీ నుంచి అతని బెల్టుదాకా సన్నటి గొలుసు ఒకటి కట్టి ఉంది. సైకిల్ తాళానికి వాడే గొలుసు లావు కూడా లేదు. ఎవడైనా తుపాకీ లాక్కుని పారిపోకుండా ఆ గొలుసు. అంటే ఆ కుర్రాడు దొంగలకి కాపలా, గొలుసు అతని తుపాకీకి కాపలా. డ్యూటీ ఎక్కే ముందు ఆర్మరీలో తుపాకీ నంబరూ, తూటాల లెక్కా రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టి తీసుకున్నాడు. దిగాక అదే లెక్క అప్పజెప్పాలి. ఒక్క తూటా తగ్గినా సంజాయిషీ రాసుకోవాలి.

సత్తెనపల్లి వెళ్ళిపోయింది. ఇక్కణ్ణుంచి నడికుడి దాకా పల్నాడు చీకటి. సున్నపురాయి క్వారీలు, పత్తిచేలు, ఊళ్ళకి దూరంగా పడుకున్న చిన్న స్టేషన్లు. ఎస్కార్టు వాళ్ళు బోగీ బోగీకీ తిరిగి కిటికీలు వేయించేది ఈ ముక్క కోసమే. పిడుగురాళ్ళ తర్వాత వచ్చే తుమ్మలచెరువు పేరు 2025 జూన్ 29 తర్వాత పేపర్లన్నిటికీ ఎక్కింది. ఆ ఆదివారం తెల్లవారుజామున ఇదే విశాఖ ఎక్స్‌ప్రెస్ మీద దోపిడీ ముఠా ఒకటి కన్నేసింది. బండిలో ఉన్న రైల్వే పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు. దొంగలు చీకట్లో కలిసిపోయారు.

ఇలాంటి ముఠాల పద్ధతి ఈ లైను మీద తిరిగేవాళ్ళకి కొత్త కాదు. సిగ్నల్ తీగ తెగితే దీపం ఎర్రబడుతుంది. ప్రమాదం జరగకూడదని పెట్టిన ఏర్పాటే అది. ఎక్కడ ఏ లోపం వచ్చినా బండి ఆగిపోవాలి గానీ ముందుకు పోకూడదు. దొంగలకి కావలసిందీ ఆ ఆగడమే. ఎర్రదీపం చూసి డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఊరూ పేరూ లేని చోట బండి నిలబడుతుంది. తెరిచిన కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చి మెళ్ళో గొలుసు పుటుక్కున తెంపుకుపోతుంది. నిద్రలో ఉన్న మనిషికి మెడ మండాక గానీ తెలియదు. అరిచేసరికి పట్టాల పక్క కంకర మీద పరుగుల చప్పుడు, అంతే.

కాబట్టి తుపాకీ వద్దనేవాళ్ళు ముందు ఈ బోగీలో, ఈ ముక్కలో, దీపాలార్పిన ఈ వేళలో ఒకసారి కూర్చోవాలి. లాఠీ పట్టుకున్న ఇద్దరు మనుషులు, చీకట్లో ఎంతమందో తెలియని ముఠా. తుమ్మలచెరువులో ఆ తుపాకీ పనిచేసింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఎవరి ఒంటి మీదా గీత పడకుండా పనిచేసింది. అయితే ఎటు పేలిందో కూడా చూడండి. పేలింది ఆకాశంలోకి, బోగీ గోడల అవతల.

ఇప్పుడు బండి తుమ్మలచెరువు మీదుగానే పోతోంది. షట్టరు సందులోంచి స్టేషను దీపం ఒక గీతలా బోగీ మీదుగా జారిపోయింది. కుర్ర కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడ్డాడు, ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి రైఫిల్ మీద. మీరు లేచి కూర్చుని బోగీ కేసి ఓసారి చూడండి.

ఎల్‌హెచ్‌బీ రకం స్లీపర్ బోగీలో 80 బెర్తులు. పొడవు సుమారు 23.5 మీటర్లు. ఏకే రకం తుపాకీ గుండు సెకనుకి 700 మీటర్లకి పైగా పోతుంది. అంటే ఈ తలుపు దగ్గర బయలుదేరింది ఆ తలుపు చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. మధ్యలో ఉన్నవి పల్చటి పలకల గోడలు, రెగ్జిన్ కప్పిన బెర్తులు, వాటి మీద ఒళ్ళెరగని మనుషులు. గుండుని నమ్మకంగా ఆపగలిగే వస్తువేదీ బోగీలో లేదు. గొలుసు తెంపుకున్న దొంగ ఈ నడవలో పరుగెత్తుతున్నాడే అనుకోండి. అతని వెనకాల ఎవరున్నారు? లేచి కూర్చున్న పెద్దావిడ ఉంది. నీళ్ళ సీసా కోసం వంగిన పిల్ల ఉంది. మీరున్నారు. బండి ఊగుతోంది, దీపాలు ఆర్పేసి ఉన్నాయి. ఎంత గురి ఉన్నవాడైనా ఇక్కడ గురి చూసేదేముంది?

ఇంకో లెక్క కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో స్నాచింగ్‌కి విడిగా 304వ సెక్షన్ పెట్టారు. గొలుసు తెంపుకుపోయినవాడికి కోర్టు వెయ్యగలిగిన శిక్ష గరిష్ఠంగా మూడేళ్ళు. దోపిడీకి దిగి కత్తి చూపిస్తే సంగతి వేరు, అప్పుడు ఆత్మరక్షణ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాని చీకట్లో, కదిలే బండిలో, రెండు సెకన్లలో తేల్చుకొమ్మని ఆ పాతికేళ్ళ కుర్రాణ్ణి మనం నిలబెట్టాం.

నడికుడి వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ టార్చి ఆర్పాడు. పెద్దావిడ అడగకుండానే షట్టరు పైకెత్తింది. గాలి రివ్వున లోపలికొచ్చింది.

ఇప్పుడొక పని చేద్దాం. బోగీ ఇలాగే ఉండనిచ్చి, లైను మారుద్దాం. తేదీ 2023 జూలై 31, సోమవారం. జైపూర్ నుంచి ముంబై సెంట్రల్ పోతున్న సూపర్‌ఫాస్ట్ ఎక్స్‌ప్రెస్. మీరు బీ-5లో, థర్డ్ ఏసీలో ఉన్నారు. దుప్పటి కప్పుకున్నారు. అద్దాల అవతల ఇంకా చీకటి. ఈ బండిలోనూ ఎస్కార్టు ఉంది. రైల్వే రక్షణ దళానికి చెందిన ఏఎస్సై ఒకరు, కింద కానిస్టేబుళ్ళు. రాత్రి ముంబై నుంచి ఒక బండిలో సూరత్ దాకా వెళ్ళి, అక్కడ దిగి, తిరుగు డ్యూటీగా ఈ బండి ఎక్కినవాళ్ళు వాళ్ళు. రాత్రంతా మెలకువే.

తర్వాత తోటి కానిస్టేబుల్ పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు ప్రకారం, ఆ బృందంలో ఒకతను ఒంట్లో బాగోలేదన్నాడు. వల్సాడ్‌లో దిగిపోతానన్నాడు. ఏఎస్సై అతని ఒళ్ళు తాకి చూశారు. పైవాళ్ళకి ఫోన్లు వెళ్ళాయి. ఎలాగూ ముంబై దగ్గరపడింది, డ్యూటీ ముగించుకుని అక్కడ చూపించుకొమ్మన్నారు. కాసేపు పడుకోమన్నారు. పడుకోలేదు. తుపాకీ కోసం తోటివాడితో పెనుగులాడాడు. వాపి దాటాక, అయిదు గంటల వేళ, అతను మొదట కాల్చింది తన ఏఎస్సైనే. ఆ తర్వాత బోగీలు దాటుకుంటూ వెళ్ళి ముగ్గురు ప్రయాణికుల్ని చంపాడు. ఒకరిని ఇదే బీ-5లో, చివరివారిని ఎస్-6లో. ముగ్గురూ ముస్లింలు. వారిలో ఒకాయన హైదరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి. రక్తం మడుగులో పడి ఉన్న మనిషి పక్కన నిలబడి అతను మాట్లాడిన మాటల వీడియో దేశమంతా చూసింది. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టాడన్న అభియోగం కూడా హత్యాభియోగంతో పాటు మోపారు. ఎవరో చైను లాగితే మీరా రోడ్ దగ్గర బండి ఆగింది, అక్కడ పట్టుకున్నారు. ఉద్యోగం నుంచి తొలగించారు.

విద్వేషం తుపాకీతో పుట్టదు. అది వేరే పెద్ద జబ్బు, దాని మందు రైల్వే దగ్గర లేదు. కానీ ఆ తెల్లవారుజామున అతని చేతిలో ఉన్నది లాఠీ అయితే? పక్కనున్న ముగ్గురు కలిసి పట్టుకునేవాళ్ళు. దుప్పట్లలోంచి లేచిన ప్రయాణికులు పట్టుకునేవాళ్ళు. రైఫిల్ ఉన్నవాణ్ణి ఎవరూ పట్టుకోలేకపోయారు, శిక్షణ పొందిన తోటి జవాన్లతో సహా. బోగీలు దాటుతుంటే అడ్డం వచ్చినవాళ్ళు లేరు. ఎలా వస్తారు?

ఆ సంఘటన మీద చర్చ అంతా మనిషి చుట్టూనే తిరిగింది. అతనికి మతి స్థిమితం ఉందా లేదా, ముందే వైద్యం జరిగిందా, దాచాడా. అడగవలసినవే. అయితే ఇంకో ప్రశ్న పక్కకి పోయింది. దొంగల్ని బెదిరించడానికి ఏసీ బోగీలో ఏకే తరహా ఆటోమేటిక్ ఎందుకు? ఆ తర్వాత ఆగస్టులో ముంబైలో ఎస్కార్టు సిబ్బందికి రైఫిళ్ళ బదులు పిస్టళ్ళు ఇవ్వాలని నిర్ణయించినట్టు వార్తలొచ్చాయి. అంటే అప్పటిదాకా ఇచ్చినది ఆ పనికి తగిన ఆయుధం కాదని ఒప్పుకున్నట్టే కదా.

బండి విష్ణుపురం వైపు పోతోంది. చక్రాల చప్పుడు మారింది, కింద కృష్ణ. చీకట్లో నీళ్ళు కనబడవు, చల్లగాలి వల్ల నది అని తెలుస్తుంది. ఇది దాటితే తెలంగాణ. నది దాటితే పోలీసుల పరిధీ మారుతుంది. రైల్వే పోలీసు, అంటే జీఆర్‌పీ, రాష్ట్రానిది. కేసు కట్టేదీ దర్యాప్తు చేసేదీ వాళ్ళే. ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, కేంద్రానిది, 1957 చట్టంతో రైల్వే ఆస్తిని కాపాడడానికి పుట్టింది. ప్రయాణికుల భద్రత కూడా దాని పని అని 2003 సవరణలో చేర్చారు. వ్యాగన్లలో సరుకు కాపలా కాసిన దళానికి మనుషుల కాపలా తర్వాత అప్పగించారన్నమాట. యార్డులో సరుకు దొంగని బెదిరించే తుపాకీ, నిద్రపోతున్న పసిపిల్లల మధ్య తిరిగే తుపాకీ ఒకటి ఎలా అవుతాయి? ఆ తేడా ఆర్మరీ రిజిస్టరులో నాకు కనిపించడం లేదు.

మళ్ళీ ఆ గొలుసు దగ్గరికి వెళ్దాం, రైఫిల్‌ని బెల్టుకి కట్టిన గొలుసు. అది ఊరికే కట్టలేదు. 2013 జూన్ 13న బీహార్‌లోని జముయి జిల్లాలో, పట్టపగలు, ధన్‌బాద్–పాట్నా ఇంటర్‌సిటీని మావోయిస్టులు అడ్డగించారు. ముగ్గురు చనిపోయారు, అందులో ఒకరు ఎస్కార్టు జవాను. పోతూ పోతూ ఆయుధాలు పట్టుకుపోయారు. బోగీలో తుపాకీ ఉండడం వల్ల ఆ బండి మీద దాడి ఆగలేదు. పైగా దాడికి వచ్చినవాడికి అదీ ఒక దోపిడీ సొమ్మే. మన దగ్గర నక్సలైట్ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో తుపాకుల కోసమే ఠాణాల మీద పడ్డ సంగతి వరంగల్, కరీంనగర్, ఖమ్మం వాళ్ళకి నేను చెప్పనక్కరలేదు.

"మరి కసబ్ సంగతి?" అని ఎదురు బెర్తు ఆయన అడుగుతాడు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా.

2008 నవంబర్ 26, ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్. రాత్రి పదిగంటలు కావస్తోంది. మీరు దూరప్రయాణం బళ్ళు ఆగే వైపు, పెద్ద హాల్లో, మూటల మధ్య చతికిలబడి కూర్చున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు ఏకే-47లు తీశారు, వాళ్ళలో ఒకడు కసబ్. యాభైమందికి పైగా ఇక్కడే చనిపోయారు. హాల్లో పోలీసులు లేకపోలేదు. చాలామంది చేతుల్లో లాఠీలు, కొందరి చేతుల్లో పాతకాలం .303 రైఫిళ్ళు. ఆ రాత్రి ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది మైకు. పై క్యాబిన్‌లో కూర్చున్న అనౌన్సర్ విష్ణు జెండే, కింద ఏం జరుగుతోందో అద్దంలోంచి చూసి, ఫలానా దారిన బయటికి పొండి, ఇటు రావద్దు అని చెబుతూనే ఉన్నాడు. తుపాకీ క్యాబిన్ వైపు తిరిగినా చెప్పాడు.

అయినా మైకుతో సరిపెట్టుకుందామని నేననను. అక్కడ గట్టి తుపాకీ, దాన్ని వాడడం తెలిసిన చెయ్యి ఉండవలసింది. ఉంటే చావులు తగ్గేవి. ఆ తర్వాత పెద్ద స్టేషన్లలో ఇసుక బస్తాల గూళ్ళు లేచాయి. 2019లో రైల్వే తన సొంత కమాండో దళం కోరాస్‌ని తెచ్చుకుంది. సరైన పనే. కానీ సీఎస్‌టీ విశాలమైన హాలు. అక్కడ దాక్కోవడానికి స్తంభం ఉంది, పరుగెత్తడానికి దారి ఉంది, జవాను నిలబడడానికి చోటుంది, పక్కనే ఇంకో జవాను ఉన్నాడు. అక్కడ నేర్చుకున్న పాఠాన్ని బోగీలోని ఇరుకు నడవలోకి తెచ్చి వాడేశాం. హాల్లో కావలసిన తుపాకీని బోగీలోకి ఎక్కించేశాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

నల్గొండ దాటాక తెల్లవారింది. చాయ్ చాయ్ అంటూ కుర్రాడొచ్చాడు. నేల మీద పడుకున్న వెయిటింగ్ లిస్టు కుర్రాడు లేచి, మీ బెర్తు అంచున మొహమాటంగా కూర్చున్నాడు. రాత్రి తిరిగిన కానిస్టేబుల్ బోగీ చివర తలుపుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెలుతుర్లో చూస్తే ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. చాయ్ తాగడానికి ఒక చెయ్యే ఖాళీ. రెండో చెయ్యి రైఫిల్ మీదే, అలవాటుగా.

పెద్దావిడ తన కాగితం పొట్లంలోంచి రెండు జంతికలు తీసి అతనికిచ్చింది. "రాత్రంతా నించునే ఉన్నావు కదయ్యా, కూచో" అంది. కూర్చోకూడదని కాదు, అతను కూర్చోలేదు. గొలుసు, పట్టీ, మ్యాగజైను అన్నీ సర్దుకుని కూర్చోవడమూ ఒక పనే.

అతని గురించి ఎవరూ అడగని ప్రశ్నలు ఇవి. నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు? సికింద్రాబాద్‌లో దిగాక పడుకోవడానికి మంచముందా? మళ్ళీ ఏ బండి ఎక్కాలి? ఆ తుపాకీ చివరిసారి ఎప్పుడు పేల్చాడు, అదీ మైదానంలో నిలబడా, ఊగే నేల మీద నిలబడా? తల తిరుగుతోందని చెబితే పైవాడు ముందు ఏం తీసుకుంటాడు, సెలవు చీటీయా, తుపాకీయా? బోగీలో ఆయుధం ఉండాలా వద్దా అన్న వాదన ఈ జవాబుల మీద ఆధారపడి ఉంది. మనం మాత్రం తుపాకీ రకం గురించి మాట్లాడుకుంటున్నాం.

సికింద్రాబాద్. బండి ప్లాట్‌ఫారం మీదికి నెమ్మదిగా వచ్చింది. ఎర్రచొక్కాల కూలీలు తలుపుల పక్కన పరుగెడుతున్నారు. మీరు దిగిన ఈ స్టేషన్‌లోనే, 2022 జూన్ 17 ఉదయం, సైనిక నియామకాల పథకం అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా వచ్చిన కుర్రాళ్ళు బోగీలు తగలబెట్టారు. రైల్వే బలగాలు కాల్పులు జరిపాయి. వరంగల్ వైపు నుంచి వచ్చిన యువకుడొకడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని పరుగు ప్రాక్టీసు చేసిన కుర్రాళ్ళ గుంపు అది. బోగీలు తగలబెట్టడం నేరమే, ఎవరు కాదన్నారు. కానీ గుంపు మీద ప్రయోగించడానికి నీళ్ళ గొట్టం నుంచి రబ్బరు తూటా దాకా ఎన్ని మెట్లున్నాయో, ఆ ఉదయం ఎన్ని మెట్లు ఎక్కి తుపాకీ దగ్గరికి వచ్చారో ఊళ్ళో అందరూ అడిగారు. చేతిలో అసలు తుపాకీ ఉన్నప్పుడు మధ్య మెట్లు గబగబా దాటేస్తాం.

బయటికొచ్చి రోడ్డు దాటితే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. మెట్లెక్కండి. బ్యాగు స్కానర్ బెల్టు మీద పెట్టారు. చట్రం కింది నుంచి మీరు నడిచారు, అది కుయ్యిమంది. సెక్యూరిటీ గార్డు చేతిలో ఉన్న నల్లటి కర్రలాంటి డిటెక్టరుతో మీ జేబులు తడిమాడు. అతని నడుముకి ఏమీ లేదు, విజిల్ తప్ప. ప్రైవేటు ఏజెన్సీ మనిషి. ఢిల్లీలో అయితే 2007 నుంచి ఈ పని సీఐఎస్ఎఫ్‌ది, అక్కడ తనిఖీ చేసే మనిషి వేరు, కాస్త ఎడంగా తుపాకీతో నిలబడే మనిషి వేరు. హైదరాబాద్‌లో ఈ గార్డుకి కూడా తుపాకీ ఇస్తే ఎలా ఉంటుందని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు సలహా ఇస్తుంటారు.

ఇస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఊహించనక్కరలేదు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు రోజూ ఎక్కే బార్ట్ రైలు ఉంది. దానికి సొంత సాయుధ పోలీసు ఉంది. 2009 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున, ఫ్రూట్‌వేల్ స్టేషన్‌లో, గొడవ పడుతున్నారని కొందరు కుర్రాళ్ళని బండి దించారు. ప్లాట్‌ఫారం మీద బోర్లా పడుకోబెట్టిన 22 ఏళ్ళ నల్లజాతి యువకుణ్ణి ఒక అధికారి వీపు మీద కాల్చాడు. టేజర్ తీశాననుకున్నానని, చేతికొచ్చింది పిస్టల్ అని కోర్టులో చెప్పాడు. బండిలో ఉన్న ప్రయాణికులే ఫోన్లలో వీడియో తీశారు. ఆ అధికారి పూర్తికాలపు పోలీసు, అకాడెమీలో శిక్షణ పొందినవాడు. రోజు కూలీ లెక్కన, పన్నెండు గంటల షిఫ్టులో, ఏజెన్సీ మారితే ఉద్యోగం మారే మన గార్డు చేతికి తుపాకీ ఇవ్వమనేవాళ్ళు ఆ కేసు ఒకసారి చదవాలి.

కాబట్టి నా మాట ఇది. పెద్ద స్టేషన్ల ముఖద్వారాల దగ్గర, ప్లాట్‌ఫారాల మీద, తర్ఫీదు పొందిన చిన్న బృందం చేతిలో గట్టి తుపాకీ ఉండాలి, జనానికి ఎడంగా. ముఠాలు తిరిగే సెక్షన్లలో రాత్రి బళ్ళకి ఎస్కార్టు ఉండాలి, హెడ్ కానిస్టేబుల్ స్థాయి మనిషి నడుముకి పిస్టల్ ఉండాలి, మిగతావాళ్ళకి లాఠీ, టార్చి, వైర్‌లెస్ చాలు. ప్రయాణికుల బోగీలోకి ఆటోమేటిక్ రైఫిల్ ఎక్కకూడదు. మెట్రో గార్డుకీ, ప్రైవేటు ఏజెన్సీ మనిషికీ తుపాకీ అసలొద్దు. డ్యూటీలో ఉన్న జవాను ఒంట్లో బాగోలేదన్న మరుక్షణం అతని ఆయుధం తీసుకుని తాళం వెయ్యాలి, వచ్చే స్టేషన్‌లో అతన్ని దింపాలి. ముంబై ఎంత దగ్గర, సికింద్రాబాద్ ఎంత దగ్గర అన్న లెక్క అప్పుడు వెయ్యకూడదు. ఈ చివరిదానికి బడ్జెట్ అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. ఒక సర్క్యులర్ చాలు.

మీ వంతుగా ఒక్కటి. పల్నాడు మీదుగా రాత్రి బండిలో పోతున్నప్పుడు ఎస్కార్టువాళ్ళు కిటికీ దించమంటే దించండి. బోగీలో ఏదైనా తేడాగా కనబడితే 139కి ఫోన్ చెయ్యండి. ఆ తేడా యూనిఫాం వేసుకున్న మనిషిలో కనబడినా సరే, మొహమాటపడకుండా చెయ్యండి.